వదిలేసిన మోకు

రుక్మను ఊరికి పంపేద్దామని మొగుడు అన్న నాటి నుంచి ముత్తమ్మ రాత్రిళ్ళు లేచి బిడ్డ పక్కలో ఉందో లేదో తడిమి చూసుకుంటోంది. అసలే గాబరా మనిషి. నల్లా కట్టేసి వచ్చి, కట్టేసిందో లేదోనని మళ్ళీ పోయి చూసే రకం. తలుపుకు గొళ్ళెం పెట్టి, మెట్లన్నీ దిగి, సగం గల్లీ నడిచి, వెనక్కి వచ్చి గొళ్ళెం ఊపి చూసుకునే రకం. అట్లాంటి మనిషితో, కన్నబిడ్డను కండ్ల ముందు నుంచి తీసేస్తానంటే ఎట్లుంటుంది?

రుక్మ పుట్టినప్పుడు ఏడవడానికి ఆలస్యం చేసింది. ఆ ఆలస్యం మళ్ళీ ఆ పిల్లను వదలలేదు. నడక ఆలస్యం, మాట ఆలస్యం, ఈడొచ్చినా తెలివి ఆలస్యం. చెంబుతో నీళ్ళు తెమ్మంటే చెంబు తెస్తుంది, నీళ్ళు మరుస్తుంది. గల్లీలో పిల్లలు, పెద్దలు అందరూ 'ఏడీ' అనే పిలుస్తారు. పిచ్చిదని మరాఠీలో. రుక్మ అనే పేరొకటుందని కామాటిపుర మొత్తం మీద ఇంట్లోవాళ్ళకే గుర్తు. కానీ ఆ పిల్లలో ఒక్క గుణం ఉంది. చేత్తో ఏదన్నా పట్టుకుందంటే వదలదు. చిన్నప్పుడు ఒకసారి కూరగాయల బండి చక్రం పట్టుకుని కూర్చుంటే, బండివాడు రెండు జామపండ్లు లంచమిచ్చి బయటపడ్డాడు.

దసరా ముందు ఒకనాడు రుక్మ ఎవరికీ చెప్పకుండా, ఒళ్ళమ్ముకునే ఇండ్లుండే ఫోరస్ రోడ్ దాకా పోయింది. ఒక టాక్సీవాడు గుర్తుపట్టి తెచ్చి దింపాడు. ఆ పొద్దు ముత్తమ్మ మొగుడు గంగారాం ఇండ్లకు రంగులేసే పని నుంచి వచ్చి, చేతుల మీది రంగు కూడా కడుక్కోకుండా కూలబడ్డాడు.

"పిల్ల ఎదుగుతున్నది. ఇది ఏం ఏరియానో నీకు తెల్వదానే? ఒకనాడు టాక్సోడు తెచ్చిండు, రేపు ఎవడు తెస్తడు? ఊర్ల మా చెల్లె ఉన్నది. మేకలెంబడి తిరుగుతది, ఇంత తింటది."

"మేకలెంబడి తిరుగుతదా?" అంది ముత్తమ్మ. "మీ ఊర్ల పెండ్లికి పోయినప్పుడు నేను చూడలేదనుకున్నవా? గిట్లాంటి పిల్లగాణ్ణే కాలికి పలుపుతాడు ఏసి కొట్టంల గుంజకు కట్టేసిన్రు. బర్రెకు గడ్డి ఏసినట్టే వానికి సత్తుపళ్ళెం తోసిన్రు."

"మా చెల్లె అట్ల చెయ్యది."

"మీ చెల్లె చెయ్యది. పొద్దంతా కూలికి పోతది గద, అప్పుడు ఎవరు చూస్తరు? గుంజనే చూస్తది."

గంగారాం చెడ్డవాడేమీ కాదు. భయపడ్డవాడు. కానీ ముత్తమ్మ భయం బిడ్డను దగ్గరికి లాక్కుంటుంది, గంగారాం భయం దూరంగా దాచిపెడతానంటుంది. జనవరి జెండా పండుగ నాటికి గంగారాం తమ్ముడు దుర్గయ్య పాలమూరు నుంచి వస్తాడు, తెల్లారి పిల్లను తీసుకుపోతాడు, అదీ నిర్ణయం.

ఆ రోజుల్లోనే గల్లీ చివర చిన్నపిల్లల బాల్వాడీ గదిలోకి మంగళబాయి వచ్చింది. దాదర్ నుంచి బస్సులో వచ్చే మరాఠీ టీచర్. సాయంత్రం బాల్వాడీ ఖాళీ అయ్యాక రుక్మలాంటి పిల్లలను, పెద్దవాళ్ళను కూడా పోగుచేసేది. ఇంటింటికీ పోయి తలుపు కొట్టి, "మీ ఇంట్లో దాచిపెట్టిన పిల్ల ఉందట, పంపండి" అని ముఖం మీదే అడిగేది హిందీలో. వాళ్ళకు చదువు కాదు, ఆట నేర్పాలని ఆమె పట్టు. చెండు విసరడం, పరుగు, ఆ తర్వాత రస్సీఖేంచ్. అంటే రెండు జట్లూ చెరో వైపు పట్టుకుని మోకు గుంజుకునే ఆట.

ముత్తమ్మ మొదట పంపలేదు. పడితే? దెబ్బ తగిలితే? నలుగురూ నవ్వితే? మంగళబాయి నాలుగుసార్లు తిరిగాక, తాను కూడా వచ్చి పక్కన కూర్చుంటానని పంపింది. ఒంటరిగా కూర్చోవడానికి సిగ్గేసి అత్త రాజవ్వను వెంట తెచ్చుకునేది. రాజవ్వ చేటలో బియ్యం పెట్టుకుని, రాళ్ళు ఏరుకుంటూ ఆట చూసేది.

చూడటానికి ఆటేమీ ఉండేది కాదు. మంగళబాయి సీటీ ఊదేది. ఊదగానే ఒకరు ముందుకు, ఒకరు పక్కకు, ఒకరు చెవులు మూసుకుని కిందికి. చంద్రయ్య అని దుక్కలాంటి పిల్లవాడు, చెయ్యి వేస్తే గోడ కదిలేటట్టుంటాడు, సీటీ వినగానే నవ్వడం మొదలుపెట్టేవాడు. నవ్వుతూ మోకు వదిలేసేవాడు. రుక్మ ఒక్కతే పట్టుకుని నిలబడేది, ఎటు గుంజాలో తెలియక.

ఒకనాడు రాజవ్వకు విసుగు పుట్టింది. చేట పక్కన పెట్టింది.

"ఏం ఆటనే ఇది. కోతులు కొబ్బరికాయకు కొట్లాడినట్టు. ఒక్క అడుగు కలుస్తలేదు" అని, నోటి అలవాటు కొద్దీ, పాత పని పిలుపొకటి అందుకుంది.

ఏసెయ్ దెబ్బా! — ఎనుకకూ!
సున్నం గచ్చూ! — ఎనుకకూ!
మట్టం సూడూ! — ఎనుకకూ!

వయసులో ఉన్నప్పుడు రాజవ్వ బంగ్లాల కప్పుల మీద గచ్చు కొట్టేది. సున్నం, ఇటుక ముక్కలు కలిపి పరిచి, ఆడవాళ్ళు వరస కట్టి కూర్చుని, కట్టె థాపీలతో దినమంతా కొట్టేవారు. కొట్టిన చోట మళ్ళీ కాలు పడకూడదు. అందుకని ఎప్పుడూ వెనక్కే జరగాలి. ఒకామె పిలుపు అంటుంది, మిగతావాళ్ళు 'ఎనుకకూ' అని ఒక్కసారే దెబ్బ వేసి, ఒక్కసారే జరుగుతారు. ఎవరు తప్పినా పక్కదాని వేలు నలుగుతుంది. వలస వచ్చిన కామాటి కూలి ఆడవాళ్ళకు అన్నం పెట్టిన పిలుపు అది. ఇప్పుడు అంతా సిమెంటు వచ్చాక దాన్ని ఎవరూ అనరు. అన్నా మగపిల్లలు సిగ్గుపడతారు, మనం కూలోళ్ళమని పదిమందికీ ఎందుకు చాటడమని.

రెండో 'ఎనుకకూ' దగ్గర చంద్రయ్య నవ్వు ఆపాడు. మూడోసారి రుక్మ నోరు తెరిచి, "ఎనుకకూ" అని ఒక అడుగు వెనక్కి వేసింది. మోకు బిగిసింది.

మంగళబాయి నోట్లోంచి సీటీ జారిపోయింది. "ఆజీ, పరత్ మ్హణా!" మళ్ళీ అనమ్మా అని.

"ఏందట? దానికి నచ్చిందా?" అని రాజవ్వ కోడలి వైపు చూసి, చేట దూరం జరిపి, బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

ఆనాటి నుంచి సీటీ లేదు. పిలుపే. రాజవ్వకు దగ్గొస్తే ముత్తమ్మ మెల్లగా, ఎవరికీ వినపడనంత గొంతుతో అందించేది. సంక్రాంతి దాటేసరికి అంతా ఒక్క అడుగు వేస్తున్నారు. అప్పుడు మంగళబాయి పోయి గల్లీ మిత్రమండలి పెద్ద బుచ్చన్నను అడిగింది, జెండా పండుగ ఆటల్లో మా జట్టును కూడా ఆడించమని. బుచ్చన్న మీసం సవరించుకుని, "ఎందుకాడియ్యం బాయి, పాపం" అన్నాడు.

ఆ 'పాపం' ముత్తమ్మ చెవిలో ముల్లులా ఉండిపోయింది. అయినా సర్దుకుంది. ఆ రోజు గల్లీ అంతా చూస్తుంది. పిల్ల పదిమందితో కలిసి నిలబడగలదని మొగుడు తన కండ్లతో చూస్తాడు. అప్పుడన్నా మనసు మారదా? ఆమెకు ఉన్న ఆశ అంతా ఆ మోకు మీదే.

జెండా పండుగ నాడు గల్లీ రెండు చివరలా బల్లలు అడ్డం పెట్టి బండ్లు ఆపేశారు. రంగు కాగితాలు కట్టారు. మైకులో బుచ్చన్న ఒక మాట తెలుగు, ఒక మాట హిందీ, మధ్యలో దగ్గు. రోడ్డు మీద ముగ్గుపిండితో గీత గీశారు. మోకు నడుమ ఎర్ర దస్తీ కట్టారు. ముందు రోజే దిగిన దుర్గయ్య, టీ గ్లాసు పట్టుకుని మెట్ల మీద కూర్చున్నాడు.

ముత్తమ్మ ఎదుటి జట్టు వైపు చూసింది. రంగు పని చేసే పిల్లలు. వాళ్ళందరి వెనకాల, మోకు కొన నడుముకు చుట్టుకుని, గంగారాం. ఇటు వైపు ఆఖర్లో, మోకు కొన నడుముకు చుట్టుకుని, రుక్మ.

"ఇదేంది?" అంది ముత్తమ్మ అత్తతో. "బిడ్డ మీదికే దిగిండా?"

"దిగనీ. చూడనీ దాని బలం" అంది రాజవ్వ.

బుచ్చన్న చెయ్యి ఊపాడు. రాజవ్వ పిలుపు ఎత్తింది. రెండు 'ఎనుకకూ'లు కూడా పూర్తి కాలేదు. ఎదుటి వైపు మోకు ఒక్కసారిగా వదులైపోయింది. రుక్మ, చంద్రయ్య, అందరూ వెల్లకిలా ఒకరి మీద ఒకరు పడ్డారు. గల్లీ అంతా నవ్వు. ఆ వెంటనే చప్పట్లు. జాలిగా, మెత్తగా, చంటిపిల్లకు కొట్టినట్టు చప్పట్లు.

"జీత్ గయే! గెలిచిన్రు మన పాపం పోరలు!" అని బుచ్చన్న మైకులో అరిచి, స్టీలు గ్లాసులు పంచడానికి బల్ల దగ్గరికి నడిచాడు.

రుక్మ లేచి నిలబడింది. మోచెయ్యి గీసుకుపోయింది. చేతిలో మోకు అట్లే ఉంది. అటు వైపు కొన నేల మీద పాములా పడి ఉంది. దాని వైపు చూసి తల్లి వైపు చూసింది. "అమ్మా. గుంజలే" అంది. వాళ్ళు గుంజలేదని ఆ పిల్లకే మొదట తెలిసింది.

ముత్తమ్మకు కూడా కనిపించింది. పడకముందే గంగారాం నడుము నుంచి మోకు విప్పేసుకున్నాడు. ముందున్న పిల్లలకు కన్ను కూడా గీటాడు.

పదిమంది మగవాళ్ళ ముందు ముత్తమ్మ ఏనాడూ గొంతెత్తలేదు. మామ వరస వాళ్ళు ఎదురైతే గోడకు అతుక్కుని నడిచే మనిషి. ఆ మనిషి గీత దాటింది.

"ఎందుకు ఇడిసిన్రు?"

"ఏ ముత్తమ్మా, గెలిచిన్రు గదమ్మా, ఖుషీ కావాలె" అన్నాడు బుచ్చన్న.

"నిన్ను అడుగుతలేను బుచ్చన్నా. ఇడిసినోణ్ణి అడుగుతున్న."

గంగారాం దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "ఇజ్జత్ తియ్యకే. రేపు పోతది గద. పోయేముందు ఒక్కపారి గెలిచిన అనుకొని ఖుషీగ పోనీ అనుకున్న. తప్పా?"

"బిచ్చం ఏసినవ్" అంది ముత్తమ్మ. గొంతు తగ్గించలేదు. "గుడి ముంగట గిన్నెల చారానా ఏసినట్టు, కన్నబిడ్డకు గెలుపు బిచ్చమేసినవ్. ఎన్ని దినాల నుంచి అడుగు కలుపుతున్నరు తెలుసా నీకు? ఒక్కనాడన్న వచ్చి చూసినవా? నువ్వు నిజంగ గుంజి ఓడగొడితే నేనేమనకపోతుంటి. నీ బిడ్డతోని ఆడినవని అనుకుంటుంటి. ఇప్పుడు నువ్వు ఆడనే లేదు."

"వదినె, నలుగుట్ల ఏందిది, ఇంటికి పోయి మాట్లాడుకుందం" అన్నాడు దుర్గయ్య మెట్ల మీది నుంచి.

"ఇంట్ల మాట్లాడినయే ఇక్కడికొచ్చినయ్ మరిదీ. నువ్వు చాయ్ తాగు."

ఎవరో కిసుక్కున నవ్వారు. ముత్తమ్మ బల్ల దగ్గరికి పోయింది. చంద్రయ్య అప్పటికే ఒక గ్లాసు అందుకుని అందులో ముఖం చూసుకుంటున్నాడు. మెల్లగా తీసుకుని బల్ల మీద బోర్లించింది. "మళ్ళ ఇప్పిస్త నాయినా, ఆగు" అంది వాడితో. తర్వాత రంగు పని పిల్లల వైపు తిరిగింది.

"పట్టుకోండ్రి. నిజంగ పట్టుకోండ్రి. లేకుంటే మీకు చాతగాక మోకు ఇడిసిపెట్టిన్రని గల్లీ గల్లీ తిరిగి చెప్త. నా నోరు ఇయ్యాల్నే తెరుసుకున్నది. మూతవడదు."

"అరే గంగారాం బిడ్డకు భయపడ్డడురో!" అని పై అంతస్తు కటకటాల నుంచి ఒక పెద్దాయన అరిచాడు. దాంతో రంగు పని పిల్లలకు రోషమొచ్చింది. అరచేతుల్లో ఉమ్మేసుకుని మోకు అందుకున్నారు. గంగారాం ఒక్క క్షణం పెండ్లాం ముఖంలోకి చూశాడు. ఈ మనిషిని ఎన్నడూ చూడనట్టు చూశాడు. తర్వాత ఏమీ అనకుండా మోకు నడుముకు చుట్టుకున్నాడు. ఈసారి ముడి వేశాడు.

రాజవ్వ పిలుపు ఎత్తబోయింది. దగ్గు తెర వచ్చింది. ఎన్నో ఏండ్లు మింగిన సున్నం దుమ్ము అంతా ఒక్కసారి లోపల లేచినట్టు దగ్గి, మెట్టు మీద కూలబడి, కోడలి వైపు చెయ్యి చూపింది. నువ్వు అను అని.

ముత్తమ్మ కొంగు నడుములో దోపుకుంది. "ఏసెయ్ దెబ్బా" అంది. గొంతు మధ్యలో పగిలిపోయింది.

"ఓహో, గచ్చు కొట్టే కూలోళ్ళ పాట!" అని ఒక పిల్లవాడు వెక్కిరించాడు.

రాజవ్వ దగ్గు మధ్యలోనే తలెత్తింది. "అవుర కొడుకా, కూలోళ్ళమే. మీ తాతను అడుగు, మీ నాయనమ్మ ఎవరి పక్కన కూసోని కొట్టిందో. నీ నెత్తి మీద వానవడకుంట ఉన్నదంటే అది మేము కొట్టిన గచ్చు!"

ఆ మాటతో ముత్తమ్మ నడుము నిటారు చేసి మళ్ళీ అందుకుంది.

"ఏసెయ్ దెబ్బా!"

"ఎనుకకూ!" ఒక్క గొంతు. ఒక్క అడుగు.

"సున్నం గచ్చూ!"

"ఎనుకకూ!"

రంగు పని పిల్లల ముఖాల్లో నవ్వు ఆగిపోయింది. మోకు కర్రలా బిగుసుకుంది. ఎర్ర దస్తీ గీత మీద నిలబడి, అటు కాదు ఇటు కాదు, వణుకుతోంది. ముందున్న చంద్రయ్య పండ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు గానీ ఈసారి చెయ్యి వదలడం లేదు. దస్తీ జానెడు ఇటు జరిగింది.

గల్లీలో చప్పట్లు ఆగిపోయాయి. వాటి బదులు వేరే చప్పుడు మొదలైంది.

"అరే రంగులోళ్ళారా, పొద్దుగాల బువ్వ తినలేదార?"

"చంద్రీగా, నవ్వుడు బందు చేసి గుంజురా గాడిదా!"

"ఎహె, కాళ్ళు పాతు! కాళ్ళు పాతు రుక్మా!"

ముత్తమ్మ పిలుపు తప్పబోయింది. రుక్మా అన్నది ఎవరు? పై అంతస్తు పెద్దాయనా? పాలవాడా? చూడటానికి వ్యవధి లేదు. "మట్టం సూడూ!" అని అరిచింది. కటకటాల నుంచి ముసలమ్మలు కూడా అందుకున్నారు. మరిచిపోయారనుకున్న పిలుపు, నోళ్ళలోనే దాక్కుని ఉంది. "ఎనుకకూ!"

ఎంతసేపు అట్లా నిలబడ్డారో. గంగారాం మెడ నరాలు ఉబ్బాయి. ముఖం నల్లబడింది. ఒకసారి బిడ్డ వైపు చూశాడు. బిడ్డ ఆయన వైపు చూడటం లేదు, తల్లి నోరు చూస్తోంది. గంగారాం తల దించుకుని, ఉన్న బలమంతా వేసి గుంజాడు.

రుక్మ చెప్పు జారింది. పిరుదుల మీద కూలబడింది. పడ్డా మోకు వదలలేదు. కూర్చున్నది కూర్చున్నట్టే, మడమలు నేలకు తన్నిపెట్టి, లంగా మట్టిలో ఈడ్చుకుపోతుంటే ముందుకు పోయింది. ముందున్న చంద్రయ్య గీత దాటాడు. బుచ్చన్న చెయ్యి దించాడు.

ఓడిపోయారు.

"ఏ రుక్మా, అడ్డగాడిదా, చెప్పులేసుకొని ఎవడన్న గుంజుతడానే!" అని పై నుంచి పెద్దాయన రుక్మను తిట్టాడు. "ఇంక ఇంతసేపు ఆగితే వాళ్ళ పని అయిపోతుండె గద!"

"చెప్పులు ఇప్పమని చెప్పాలె గదా తల్లి! ఏం నేర్పినవే ముత్తమ్మా?" అని ఇంకొకామె.

ముత్తమ్మ నిలబడి ఆ తిట్లన్నీ విన్నది. 'పాపం' లేదు. 'ఏడీ' లేదు. ఏ కబడ్డీ పిల్లవాణ్ణో తిట్టినట్టు, పేరు పెట్టి తిడుతున్నారు. ఇంత కమ్మని తిట్లు ఆమె పుట్టి బుద్ధెరిగి వినలేదు.

"అయిపోయింది బిడ్డా, ఇడువు" అన్నాడు గంగారాం వంగి.

"కాలే" అంది రుక్మ. మోకు గుండెకు అదుముకుంది. "నాయినా, గుంజు."

గంగారాం తన అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. తోలు లేచి ఎర్రగా ఉంది. పక్కనే దుర్గయ్య వచ్చి నిలబడి, "అన్నా, రేపటికి పిల్ల బట్టలు సదురుమని వదినెకు చెప్పు మరి" అన్నాడు మెల్లగా.

"అది రాదు" అంది ముత్తమ్మ. రోడ్డు మధ్యలో, అందరికీ వినపడేటట్టు. "పొద్దంతా దాని వెనుక నేనుంట. ఫోరస్ రోడ్ పోతే ఫోరస్ రోడ్ పోత. కట్టేసుడైతే నన్ను గూడ కట్టెయ్యుండ్రి, అదే గుంజకు. ఎవరు కడతరో రాండ్రి."

ఎవరూ రాలేదు. అందరూ గంగారాం వైపు చూశారు. గంగారాం అరచెయ్యి ఊదుకుంటూనే ఉన్నాడు.

"నువ్వొక్కనివే పో దుర్గయ్యా" అన్నాడు చివరికి. "చెల్లెకు చెప్పు. ఇది మేకల ఎంబడి తిరిగేది కాదు. మేకలే దీన్ని చూసి ఉరుకుతయ్."

గల్లీ చివర అడ్డం పెట్టిన బల్లల అవతల ఒక టాక్సీ ఆగి హారన్ మోగిస్తోంది. ఆటలయ్యాయి కదా, దారి ఇవ్వండని. బుచ్చన్న మోకు చుట్టడానికి వంగాడు.

"ఆగు బుచ్చన్నా" అంది ముత్తమ్మ.

వంగి బిడ్డ కాళ్ళ చెప్పులు విప్పింది. రెండూ తన చంకలో పెట్టుకుంది. గంగారాం అటు కొన వైపు నడిచి, కొంగు లేని మనిషి కాబట్టి జేబులోని దస్తీ తీసి అరచేతికి చుట్టుకున్నాడు. రంగు పని పిల్లలు ఒకరినొకరు చూసుకుని, మూలుగుతూ వచ్చి నిలబడ్డారు. చంద్రయ్య గ్లాసు వైపు ఒకసారి ఆశగా చూసి మోకు అందుకున్నాడు.

టాక్సీ మళ్ళీ హారన్ కొట్టింది.

"కొట్టనీ" అంది ముత్తమ్మ. "ఆట కాలే."

గొంతెత్తింది.